కొమ్మకు వేలాడేది తేనెతుట్టె కాదు

(లెస్టర్‌లో తెలుగు కుటుంబాలు కలిసి జరుపుకున్న ఉగాది సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీరు ముందుకొచ్చి కింద కూర్చోండి. చివర్లో మీకు చూపించాల్సినది ఒకటి తెచ్చాను. అన్నయ్యా, వెనక వినిపిస్తోందా? సరే.

భోజనాలకు ముందు కాసేపు, నేను కూరలు పండించుకునే అలాట్‌మెంట్ గురించి మాట్లాడమన్నారు. గోంగూర గురించి చెప్తానని చాలామంది అనుకుని ఉంటారు. గోంగూర ఇంకోసారి. ఈ రోజు తేనెటీగల గురించి చెప్తాను. ఎందుకంటే ఇంకో నాలుగైదు వారాలు గడిస్తే ఈ ఊళ్లో తేనెటీగలు గుంపులు కట్టి లేస్తాయి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా, వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం, మీలో ఎవరో ఒకరి ఇంటి ముందు చెట్టుకు నల్లటి ముద్ద ఒకటి వేలాడుతుంది. అప్పుడు మీరు ఏం చేస్తారు? తలుపులు బిగించుకుంటారు. పురుగుల మందు చల్లేవాడికి ఫోన్ చేస్తారు. అలా చేయకండి అని చెప్పడానికే నేను వచ్చాను.

భయం ఎందుకో నాకు తెలుసు. మాది ఆత్మకూరు, నల్లమల అంచున ఉంటుంది. చిన్నప్పుడు మా వీధిలోకి చెంచులు తేనె తెచ్చేవాళ్లు. తీగలు పేనిన తాళ్లు పట్టుకుని కొండచరియల్లోకి దిగి, పొగ పెట్టి, పట్టు కోస్తారని మా నాన్న చెప్పేవాడు. ఆ ఈగలు పెద్దవి. అవి తొర్రలో కాపురం ఉండవు. కొండచరియకో, పెద్ద చెట్టు కొమ్మకో, వాటర్ ట్యాంకు కిందో, ఆరుబయట ఒకే ఒక పెద్ద పట్టు కట్టి దాన్ని ఒళ్లంతా కప్పుకుని ఉంటాయి. అందులో వాటి గుడ్లు, పిల్లలు, తేనె, సర్వస్వం ఉంటుంది. రాయి పడిందా, ఊరంతా తరుముతాయి. తేనెతుట్టెను కదిపినట్టు అని మనం ఊరికే అనుకోం కదా.

మరి ఇక్కడ, ఈ దేశంలో, చెట్టుకు వేలాడేది ఏమిటి? అది తేనెతుట్టె కాదు. ఈ మాట ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. అది తేనెతుట్టె కాదు. అందులో పట్టు లేదు, పిల్లలు లేవు, దాచిన తేనె లేదు. ఇక్కడి ఈగలు తొర్రల్లో, పెట్టెల్లో కాపురం చేసే జాతి. కొమ్మకు వేలాడుతున్నాయంటే ఇల్లు వదిలి వచ్చాయి, ఇంకా కొత్త ఇల్లు దొరకలేదు అని అర్థం. సామాను సర్దుకుని దారి మధ్యలో చెట్టు కింద ఆగిన కుటుంబం అది. కాపాడుకోవడానికి ఇల్లే లేనప్పుడు ఎవరిని కుడతాయి? పైగా బయలుదేరే ముందు కడుపు నిండా తేనె తాగి వస్తాయి. కదిలిస్తే కుట్టవని నేను అనడం లేదు. కదిలించకపోతే మీ జోలికి రావు అంటున్నాను.

ఇప్పుడు, ఇల్లు వదిలి ఎందుకు వచ్చాయి?

చలికాలంలో ఒక పెట్టెలో ఓ పదివేల ఈగలు ముద్దగా ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటూ ఉంటాయి. ఇప్పుడు మార్చిలో విల్లో చెట్లు పూస్తున్నాయి. తరవాత డాండెలయన్లు, ఆపిల్ పూత, ఊరి బయట మన ఆవచేల లాగా పచ్చగా కనిపించే రేప్ చేలు. పుప్పొడి వచ్చే కొద్దీ రాణి ఈగ గుడ్లు పెంచుతుంది. మంచి ఊపులో ఉంటే రోజుకు పదిహేను వందల పైన. ఒక్క రోజుకండీ! తన బరువుకు మించిన గుడ్లు పెడుతుంది. మే వచ్చేసరికి పెట్టె కిక్కిరిసిపోతుంది.

రాణి ఒంటి నుంచి ఒక వాసన వస్తుంది. ఈగలు రాణిని నాకి, ఒకదాన్నొకటి తాకి, ఆ వాసనను పెట్టె అంతా పంచుకుంటాయి. ఆ వాసన అందుతున్నంత కాలం 'మా అమ్మ ఉంది, బాగుంది' అన్న ధీమా. ఈ దేశంలోనే, హార్పెండెన్ దగ్గర వ్యవసాయ పరిశోధన కేంద్రం రోథమ్‌స్టెడ్‌లో 1950ల్లో కోలిన్ బట్లర్ అనే ఆయన దీని మీద పని చేశాడు. జనం పెరిగిపోతే ఆ వాసన అందరికీ సరిపడా అందదు. దానికి తోడు స్థలం ఇరుకు, పూలు బోలెడు, గూడు నిండా పిల్ల ఈగలు. అప్పుడు కూలి ఈగలు రాణి గదులు కట్టడం మొదలుపెడతాయి.

రాణి గది ఎలా ఉంటుందో తెలుసా? అచ్చం వేరుశెనగ కాయ. మా రాయలసీమవాళ్లకు చెప్పక్కర్లేదు. పట్టు అంచున తలకిందులుగా వేలాడదీసిన వేరుశెనగ కాయ, పైన ఆ గళ్లూ గరుకూ అన్నీ అలాగే. అందులో పెట్టిన గుడ్డు మామూలు గుడ్డే. మూడు రోజులకు పొదుగుతుంది. ఆ పిల్లకు తెల్లటి చిక్కని ఆహారం, దాన్ని రాయల్ జెల్లీ అంటారు, గది నిండేలా పోస్తారు. ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో గదికి మైనంతో మూత వేస్తారు. పదహారో రోజున కొత్త రాణి బయటికొస్తుంది. కూలి ఈగకు ఇరవై ఒక్క రోజులు పడుతుంది, పోతు ఈగకు ఇరవై నాలుగు. రాణికే తొందర.

మూత పడిందంటే, వాతావరణం బాగుంటే, ఆ రోజో మర్నాడో పాత రాణి సగానికి పైగా ఈగలను వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది. మళ్లీ చెప్తాను వినండి. వెళ్లేది కూతురు కాదు, తల్లి. మన ఇళ్లల్లో అమ్మాయికి పెళ్లి చేసి, చలిమిడి పెట్టి, కన్నీళ్లతో అత్తారింటికి పంపిస్తాం. అక్కడ తల్లే లేచి వెళ్తుంది. కట్టిన పట్టు, నింపిన తేనె, పొదగాల్సిన పిల్లలు, అన్నీ కూతురికి వదిలేసి, కడుపులో మోసుకెళ్లగలిగిన తేనెతో మాత్రమే వెళ్తుంది. నేను మొదటిసారి ఇది తెలుసుకున్నప్పుడు రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ గుర్తొచ్చింది.

దానికి ముందు కొన్ని రోజులు కూలి ఈగలు రాణికి మేత తగ్గిస్తాయి. పెట్టె లోపల అటూ ఇటూ తరుముతాయి. గుడ్ల బరువుతో ఎగరలేదు కదా, అందుకని సన్నబడేలా చేస్తాయి. అదంతా మనకు బయటికి కనిపించదు. కనిపించేది లేచిన రోజే.

ఇప్పుడు నా కథ చెప్తాను.

నాకు ఈ అలాట్‌మెంట్ దొరకడానికి నాలుగేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, అలాట్‌మెంట్ అంటే కౌన్సిల్ ఏటా కొద్దిపాటి అద్దెకు ఇచ్చే సాగు స్థలం. పూర్తి ప్లాటు పది రాడ్లు అంటారు. మన లెక్కలో మూడు వందల గజాల ప్లాటు. ఇల్లు కట్టుకోవడానికి కాదు, కూర పండించుకోవడానికి. అడిగినవాళ్లకు కౌన్సిళ్లు స్థలం చూపించాలని 1908 నాటి చట్టం ఉంది. కోళ్లు, కుందేళ్లు పెంచుకోవడానికి 1950 చట్టం ఒప్పుకుంటుంది. తేనెటీగలకు మాత్రం అలాట్‌మెంట్ కమిటీ అనుమతి విడిగా తీసుకోవాలి. తీసుకోకుండా ఎవరూ పెట్టె పెట్టకండి. దయచేసి.

అనుమతి తీసుకున్నాను, కోర్సు చేశాను, పెట్టె పెట్టాను. మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాది మే నెల. ప్రతి ఏడు రోజులకూ పెట్టె తెరిచి చూడాలి అని నేర్పారు. ఒక శనివారం వాన. రెండో శనివారం నాకు డ్యూటీ. అంతే, రెండు వారాలు. ఆ ఆదివారం ఉదయం పదకొండున్నరకు పక్క ప్లాటు పెద్దాయన ఫోన్ చేశాడు. "నీ ఈగలు నా ప్లమ్ చెట్టు మీద ఉన్నాయి. మనవలు వచ్చారు. త్వరగా రా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఎంత టెన్షన్ పడ్డానో! పిల్లలకేమైనా అయితే? నన్ను ప్లాటు ఖాళీ చేయమంటే?

వెళ్లేసరికి గుంపు అప్పటికే కుదురుకుంది. నడుమెత్తు కొమ్మకు, పనసకాయంత ముద్ద. పైన ఈగలు ఒకదాని మీద ఒకటి, గోధుమ రంగు శాలువా కప్పినట్టు మెల్లగా కదులుతూ ఉన్నాయి. చప్పుడు కూడా పెద్దగా లేదు. దూరంగా బియ్యం మిల్లు ఆడుతున్నట్టు ఒక సన్నటి హోరు. మా బీకీపింగ్ సంఘం నుంచి ఒకావిడ వచ్చింది, డెబ్బై ఏళ్లుంటాయి. వచ్చీరాగానే పిల్లలను పిలిచి, ఇరవై అడుగుల దూరంలో దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. "భయం లేదు, సినిమా చూడండి" అంది. తరవాత నా వైపు తిరిగి, గ్లవ్ తీసేసి అరచెయ్యి వెనక్కి తిప్పి ఆ ముద్దకు ఆనించమంది. ఆనించాను. వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు ముట్టుకున్నట్టు. ఈగలు నా వేళ్ల మీదుగా అలా ఎక్కి దిగాయి, ఒక్కటీ కుట్టలేదు. మీరెవరూ ఇలా చేయకండి. ఆవిడ పక్కనుండి చేయించింది కాబట్టి చేశాను.

కింద తెల్ల దుప్పటి పరిచాం. అట్టపెట్టె కొమ్మ కిందకు పట్టుకుని కొమ్మను ఒక్కసారి గట్టిగా విదిలించాం. ముద్దంతా దబ్బున పెట్టెలో పడింది. ఆ బరువు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది, రెండు కిలోల పంచదార పొట్లం పడ్డట్టు. పెట్టెను దుప్పటి మీద బోర్లించి, ఒక పక్క రాయి ఆనించి సందు వదిలాం. రాణి లోపల పడిందా లేదా? ఎలా తెలుస్తుంది? ఈగలే చెప్తాయి. సందు దగ్గర ఓ వంద ఈగలు నిలబడి, తోక పైకెత్తి, రెక్కలు విసరడం మొదలుపెట్టాయి. నిమ్మగడ్డి వాసన లాంటిది వచ్చింది. 'అమ్మ ఇక్కడుంది, రండి' అని పిలవడం అది. గాల్లో ఉన్నవి ఒక్కొక్కటే దిగి లోపలికి నడిచి వెళ్లాయి. సాయంత్రం చీకటి పడ్డాక పెట్టె ఎత్తుకుని వెళ్లి కొత్త ఇంట్లో పెట్టాం. ఆ పెద్దాయన మనవరాలు ఇప్పుడు మా ప్లాటుకు వస్తే ముందు తేనె పెట్టె దగ్గరికే వెళ్తుంది.

మేం పట్టుకోకపోయి ఉంటే ఏమయ్యేది? ఇది చాలా అందమైన విషయం, రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాను.

ఆ ముద్దలోంచి వయసులో పెద్దవైన కొన్ని వందల ఈగలు ఇళ్ల వేటకు వెళ్తాయి. ఒక్కోటి చెట్టు తొర్రలు, చిమ్నీలు, గోడ సందులు చూసి వచ్చి, ముద్ద మీదే నాట్యం చేస్తుంది. తోక ఊపుతూ నడిచిన దిక్కు, సూర్యుడికి ఎంత పక్కగా వెళ్లాలో చెప్తుంది. ఊపిన సేపు, ఎంత దూరమో చెప్తుంది. ఈ నాట్యాన్ని చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ ఇచ్చారు. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్, యుద్ధం తరవాత మ్యూనిక్‌లో, ముద్ద మీద నాట్యం చేసే ఈగల ఒళ్లు మురికిగా ఉండటం గమనించాడు. కొన్నిటికి మసి, కొన్నిటికి ఇటుక పొడి. పువ్వుల నుంచి వచ్చే ఈగకు మసి ఎందుకు అంటుతుంది? బాంబులకు కూలిన ఇళ్లల్లో చిమ్నీలు, గోడలు చూసి వస్తున్నాయి అవి. ఇళ్లు వెతుక్కుంటున్నాయని ఆ మసి చూసి పట్టుకున్నాడు.

తరవాత అమెరికాలో థామస్ సీలీ, చెట్లు దాదాపు లేని ఒక దీవికి గుంపులను తీసుకెళ్లి, రకరకాల పెట్టెలు పెట్టి ఏది ఎంచుకుంటాయో చూశాడు. సుమారు నలభై లీటర్ల చోటు, అంటే మన ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు రెండు, చిన్న గుమ్మం, నేలకు బాగా ఎత్తులో. అదీ వాటికి నచ్చే ఇల్లు. మంచి ఇల్లు చూసిన ఈగ ఎక్కువ సేపు నాట్యం చేస్తుంది. విన్న ఈగ మాట నమ్మి ఊరుకోదు, తనే వెళ్లి చూసి వస్తుంది. ఒక ఇంటి దగ్గర ఒకేసారి ఇరవై ముప్పై ఈగలు పోగయ్యాయంటే నిర్ణయం అయిపోయినట్టే. తిరిగి వచ్చి, కీచుమంటూ మిగతావాటిని కుదిపి లేపుతాయి. అన్నీ రెక్కల కండరాలు వేడి చేసుకుని, ఒక్క నిమిషంలో ముద్ద విడిపోయి గాల్లోకి లేస్తుంది. రాణి నిర్ణయిస్తుందని అనుకుంటాం. రాణికి ఇందులో మాటే లేదు. ఇల్లు చూసినవాళ్లదే మాట.

అయితే ఆ ఇల్లు మీ ఇంటి చిమ్నీ అయితే? అందుకే పెంచేవాళ్ల మీద బాధ్యత ఉంటుంది. అడవిలో గుంపు లేస్తే ఎవరికీ నష్టం లేదు. అలాట్‌మెంట్‌లో మూడు అడుగుల దారికి అటు ఒకరు ఇటు ఒకరు ఉంటాం. లేచాక పరిగెత్తడం కాదు, లేవక ముందే కనిపెట్టాలి.

మీలో ఇద్దరు ముగ్గురు పెట్టె పెడదామనుకుంటున్నారని విన్నాను, వాళ్ల కోసం చెప్తున్నాను. ఏప్రిల్ నుంచి జులై దాకా ఏడు రోజులకొకసారి పెట్టె తెరవండి. వానొచ్చిందని వదిలేయకండి, మర్నాడైనా తెరవండి. పట్టు అంచుల్లో, రాణి గదులకు మొదలుగా కట్టిన చిన్న దొప్పలు ఖాళీగా కనిపిస్తే కంగారు లేదు. దొప్పలో తెల్లటి పాలు, పిల్ల కనిపించిందా, ఇక వారం టైమ్ లేదు. చాలామంది ఆ గదులు గిల్లి పారేసి హమ్మయ్య అనుకుంటారు. లాభం లేదు, అవి మళ్లీ కడతాయి. వెళ్లాలని నిశ్చయించుకున్నవాళ్లను గది గిల్లి ఆపలేం. అవి వెళ్లే ముందే మనమే వేరు కాపురం పెట్టించాలి.

దానికి పాత పద్ధతి ఒకటి ఉంది, పాగ్డెన్ పద్ధతి అంటారు. పాత పెట్టెను మూడు అడుగులు పక్కకు జరపండి. పాత చోటులో కొత్త ఖాళీ పెట్టె పెట్టండి. రాణిని వెతికి, రాణి గది లేని ఒక్క ఫ్రేముతో, అంటే ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రంతో సహా కొత్త పెట్టెలోకి మార్చండి. మిగతా చోట ఖాళీ ఫ్రేములు పెట్టండి. మేతకు వెళ్లిన ఈగలు ఎక్కడికి తిరిగొస్తాయి? అలవాటైన చోటుకే. అక్కడ రాణి ఉంది, పిల్లలు దాదాపు లేరు, బోలెడు ఖాళీ. వాటి లెక్కలో అవి ఇల్లు మారిపోయినట్టే. పక్కకు జరిపిన పెట్టెలో పసి ఈగలు, పిల్లలు, రాణి గదులు. అందులో మంచి గది ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. రెండు మూడు ఉంచితే మొదట పుట్టిన రాణి కూడా కొన్నిటిని వెంటేసుకుని ఎగిరిపోవచ్చు. ఆ ఉంచిన గది ఫ్రేమును విదిలించకండి, తలకిందులు చేయకండి. కొత్త రాణి పుట్టి, బయటికెళ్లి పది పన్నెండు పోతు ఈగలతో కలిసి వచ్చి, గుడ్లు పెట్టేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ నాలుగు వారాలూ తెరిచి చూడాలని చేతులు దురద పెడతాయి. తెరవకండి.

పెట్టె ఎక్కడ పెట్టాలి? గుమ్మం దారి వైపు ఉండకూడదు. ముందు ఆరడుగుల కంచె గానీ చిక్కుడు పందిరి గానీ ఉంటే ఈగలు పైకి లేచి మనుషుల తలల మీదుగా పోతాయి. దగ్గర్లో నీళ్లు పెట్టండి, లేకపోతే పక్కవాళ్ల తొట్టి దగ్గరికి వెళ్తాయి. కొత్తిమీర, మెంతి కొంత కోయకుండా పూతకు వదలండి. మా కొత్తిమీర పూసినప్పుడు ఆ మడి మీద చెవి పెడితే చాలు. ఎర్ర పూల రన్నర్ బీన్స్ మీద ఒక తమాషా చూడండి. పువ్వు లోతుగా ఉంటుంది, తేనెటీగ నాలుక అందదు. బొద్దుగా ఉండే బంబుల్ ఈగ పువ్వు మొదట్లో కొరికి కన్నం పెట్టి తాగిపోతుంది. మన ఈగ వెనకాలే వచ్చి ఆ కన్నంలోంచి తాగుతుంది.

పెంచనివాళ్లకు చెప్పాల్సింది కొంచెమే. గుంపు కనిపిస్తే పిల్లలను, కుక్కలను దూరంగా తీసుకెళ్లండి. నీళ్లు కొట్టకండి, రాళ్లు వేయకండి, మందు అసలే చల్లకండి. బ్రిటిష్ బీకీపర్స్ అసోసియేషన్ వెబ్‌సైట్లో మీ పోస్ట్‌కోడ్ కొడితే దగ్గర్లో గుంపులు పట్టేవాళ్ల నంబర్లు వస్తాయి. ముందు ఒక ఫొటో తీసి ఉంచుకోండి. కందిరీగలో, బంబుల్ ఈగలో అయితే వాళ్లు వేరే సలహా చెప్తారు. ఎవరికైనా ఈగ కుట్టి ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, ఆలోచించకుండా 999కి ఫోన్ చేయండి.

ఇదిగో పిల్లలూ, మీకు తెచ్చినది. ఇది పోయినేడు ఖాళీ అయిన రాణి గది. మెల్లగా, ఒకరి తరవాత ఒకరు చేతిలోకి తీసుకోండి. చివర మూత చూశారా, గుండ్రంగా, డబ్బా మూత తెరిచినట్టు కోసి ఉంది. అలా కోసుకుంటే రాణి పుట్టినట్టు. పక్కన చిల్లు ఉంటే ఇంకో రాణి వచ్చి చంపేసినట్టు. దీనికి పక్కన చిల్లు లేదు.

ఏంటమ్మా? గట్టిగా అడుగు, అందరికీ వినపడాలి. "అమ్మ వెళ్లేటప్పుడు కూతురికి చెప్పి వెళ్తుందా?" అని అడుగుతోంది పాప. లేదమ్మా. అమ్మ వెళ్లే రోజుకు కూతురు ఇంకా ఈ గదిలోనే నిద్రపోతుంటుంది. బయటికి రావడానికి ఇంకా వారం ఉంటుంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోరు. కానీ కూతురు లేచేసరికి ఇల్లు వెచ్చగా ఉంటుంది, తేనె ఉంటుంది, చూసుకోవడానికి వేల మంది అక్కలు ఉంటారు. వాళ్లందరూ ఆ అమ్మ కన్నవాళ్లే.

వచ్చే నెలలో, పదిహేను డిగ్రీలు దాటిన మొదటి శనివారం నేను పెట్టెలు తెరుస్తాను. చూడాలనుకున్నవాళ్లు రండి. లేత రంగు బట్టలు వేసుకోండి, సెంటు పూసుకోకండి, ఈగలు కుట్టకుండా వేసుకునే సూట్లు మూడు ఉన్నాయి. పిల్లల సైజుది కూడా ఒకటి ఉంది.